మార్కాపురం పలక, పోరుమామిళ్ల శాసనం: ఆవిష్కరణ విధానంపై ఒక విమర్శ

సుస్థిర ప్రాంతీయాభివృద్ధికి జ్ఞానం, ఆవిష్కరణలే పునాదులని నేటి విధాన పత్రాలు ప్రతిపాదిస్తున్నాయి. ప్రతిపాదన సమంజసమే. కానీ ఏది జ్ఞానం, అది ఎవరి వద్ద ఉంది అన్న ప్రశ్న వాటిలో అరుదు. అమరావతి కేంద్రంగా ఏర్పడిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురం ప్రాంతీయ కేంద్రాలు. త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం ఈ పటంలో అంచున మిగిలింది.

ఇక్కడ జ్ఞానం లేదా? మార్కాపురం పలకరాయి దశాబ్దాలపాటు దేశంలోని బడిపిల్లల చేతికి పలకై చేరింది. రాతిని పొర వెంబడి చీల్చడం, దెబ్బ వేయకముందే పగులు ఎటు సాగుతుందో పసిగట్టడం చేతిలో ఉండే విద్య. బడిపలకకు గిరాకీ తగ్గాక అదే రాయి నేలకూ గోడలకూ పరిచే బిళ్లలై విదేశాలకు ఎగుమతి అయింది. ఏ హబ్బూ లేకుండా జరిగిన ఆవిష్కరణ ఇది. అయితే దీనిని కీర్తించి ఊరుకోవడం కూడా అన్యాయమే. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం కింద ప్రత్యేక ప్రాజెక్టులు చేపట్టిన పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఇతరుల అక్షరాభ్యాసానికి పనికివచ్చిన పలకను బడికి వెళ్లని పిల్లలు తయారుచేశారు. రాతిధూళిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. కోతలో నీటిని వాడి ధూళిని అణచే యంత్రం చిన్న కార్ఖానాకు అందుబాటు ధరలో చేరిందా అన్నదే ఇక్కడ ఆవిష్కరణ విధానానికి అసలు పరీక్ష.

నీటి విషయానికి వస్తే, గుండ్లకమ్మపై విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. పొరుగునే ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెరువుకు పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను చెప్పింది. నీరు స్వల్పమై భూమి విస్తారంగా ఉండటం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఆ దోషాల్లోనివి. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరదనీటిని సొరంగాల ద్వారా తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వదలచిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టును ఈ జాబితా పక్కన పెట్టి చదవాలి. వరద రాని ఏడాది సంగతేమిటి, ఎగువ, దిగువ రాష్ట్రాల తగవు సంగతేమిటి అన్న ప్రశ్నలు శాసనకర్తకు కొత్తవి కావు.

ఈ లోపంలో తెలుగు శాఖలకూ వాటా ఉంది. త్రిపురాంతకంలోని 1290 నాటి అంబదేవుని శాసనాన్ని మనం ఎక్కువగా అతని విజయాల కోసమే చదువుతాం. భూమి, చెరువు, దానం, వృత్తుల మాటలు పక్కకు పోతాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. మార్కాపురం రాతికార్మికుల పనిముట్లు, రాతి జాతులు, పగులు రకాల పేర్లను అదే పద్ధతిలో సేకరించడానికి ఆవిష్కరణ నిధి నుంచే డబ్బు అడగవచ్చు. అడిగేవారు ఇంజనీర్లు కానక్కరలేదు.