మాయకు నియమం, మాయకు కారణం: బేతాళ కథలు, పాతాళభైరవి – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

అద్భుతరస ప్రధానమైన సచిత్ర కథల్లోను, వాటి చలనచిత్ర రూపాల్లోను మాయాశక్తి పనిచేసే తీరును వివరించాలా, వద్దా? వివరించకపోతే కథ తర్కానికి నిలవదని కొందరంటారు. వివరిస్తే అద్భుతం ఆవిరవుతుందని మరికొందరంటారు. ఈ రెండు వాదాలూ మూడు వేర్వేరు అంశాలను ఒకటిగా చూస్తున్నాయి. మాయ ఏ షరతుపై పనిచేస్తుందన్నది నియమం. ఎందువల్ల పనిచేస్తుందన్నది కారణం. దానిని ఎవరు దేనికోసం ప్రయోగిస్తున్నారన్నది ఉద్దేశం. తెలుగు కథాసంప్రదాయం మొదటిదానిని ముందే చెబుతుంది. మూడవదానిని అదను చూసి బయటపెడుతుంది. రెండవదానిని చాలావరకు మౌనంలోనే ఉంచుతుంది.

2. బేతాళుడి షరతు

1947 జులైలో ప్రారంభమైన 'చందమామ' దశాబ్దాలపాటు బేతాళ కథలను ప్రచురించింది. సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. ఈ షరతు ఎలా ఏర్పడిందో పాఠకుడు అడగడు. భుజాన శవంతో నడిచే రాజును చిత్రించిన శంకర్ బొమ్మ సైతం స్థితిని చూపుతుందే తప్ప హేతువును చూపదు. మూలమైన బేతాళ పంచవింశతిలో చివరి ప్రశ్నకు రాజు మౌనం వహిస్తాడు. అప్పుడు బేతాళుడు రాజును బలి ఇవ్వాలన్న యోగి పన్నాగాన్ని వెల్లడిస్తాడు. ఆ వెల్లడితో కథాచక్రం ముగుస్తుంది. 'చందమామ' ఆ ముగింపును వాయిదా వేసినందువల్లనే కొత్త కథలకు చోటు దొరికింది.

3. అప్సరస హెచ్చరిక

చందమామ స్థాపకులైన నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా, కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లోనూ ఇదే బలి కథాంశం ఉంది. శాపవిముక్తి పొందిన అప్సరస తోటరాముడికి తెలిపేది భైరవి శక్తి రహస్యం కాదు, నేపాళ మాంత్రికుడి ఉద్దేశం. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే భైరవి వారి ఆజ్ఞకు లోబడుతుందన్న నియమం మాత్రం నాయకుడికీ ప్రతినాయకుడికీ ఒక్కటే. అందుకే ప్రతిమ చేతులు మారగానే రాముడి ఐశ్వర్యం అంతా పోతుంది. ఉత్కంఠకు ఆధారం ఆ నియమపాలనే.

4. నంద్యాల సీమ సాక్ష్యం

వివరణ అద్భుతానికి శత్రువన్న అభిప్రాయానికి అవుకు పొరుగున ఉన్న నంద్యాల నుంచే సమాధానం లభిస్తుంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన 'కళాపూర్ణోదయం'లో తొలి ఆశ్వాసాల చిక్కుముళ్లు తరువాత విడిపోతాయి. వాటిని విప్పేది పసిపాప మధురలాలస చెప్పే పూర్వజన్మ వృత్తాంతం. ఇక్కడ వివరణే మరొక అద్భుతంగా పరిణమించింది. అయినా బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ లోకంలో నిజం కావడానికి వేరే హేతువు అవసరం కాలేదు.

5. ముగింపు

కారణం చెప్పలేదన్న నెపంతో ఈ కథలను తర్కరహితాలుగా పరిగణించడం సమంజసం కాదు. పరిశోధకుడు అడగవలసిన ప్రశ్న వేరు: కథ తాను విధించుకున్న నియమాన్ని చివరిదాకా పాటించిందా? కష్టసమయంలో నాయకుడిని గట్టెక్కించడానికి అప్పటికప్పుడు కొత్త నియమం పుట్టిందా? అలా పుట్టినచోట ఎంత వివరణ ఇచ్చినా అది లోపమే. నియమం నిలిచినచోట మౌనం కూడా శిల్పమే.