మమకారానికి మార్కులు: మానవ–జంతు సంబంధాల పరిశోధన, పురస్కార ప్రమాణాలు

విద్యార్థి పరిశోధనకు ఇచ్చే పురస్కారం ఒక వ్యాసాన్ని మెచ్చుకోవడంతో ఆగదు. ఆ రంగంలో ఏది ప్రశ్నగా నిలుస్తుందో తరువాతి విద్యార్థులకు అది చెబుతుంది. మానవ–జంతు సంబంధాల అధ్యయనం వయసులో చిన్నది కనుక అక్కడ ఈ ప్రభావం మరీ ఎక్కువ. ఈ రంగానికి చెందిన ‘ఆంత్రజోవస్’ పత్రిక 1987లో, ‘సొసైటీ అండ్ యానిమల్స్’ 1993లో మొదలయ్యాయి. అమెరికన్ సోషియలాజికల్ అసోసియేషన్‌లో జంతువులు–సమాజం అనే విభాగం విద్యార్థుల పరిశోధనకు జేన్ గూడాల్ పేరిట పురస్కారం ఏర్పరచింది. ఆ పేరును ఎంచుకోవడంలో ఒక చమత్కారం ఉంది. 1960లో ఏ పట్టా లేకుండానే గోంబే అడవికి వెళ్లిన గూడాల్, చింపాంజీలను సంఖ్యలతో కాక పేర్లతో నమోదు చేశారు. ఆనాటి శాస్త్రవేత్తలు దాన్ని దోషంగా పరిగణించారు. అంటే, అప్పటి ప్రమాణాలకు ఒదగని పరిశోధకురాలి పేరే ఇవాళ ప్రమాణమైంది.

అయితే ఈ రంగంలో కొత్త ప్రమాణాలూ స్థిరపడ్డాయి. వాటిలో ప్రసిద్ధమైనది పెంపుడు జంతువులపై మమకారాన్ని కొలిచే లెక్సింగ్టన్ మాపని. 1992లో ప్రచురితమైన ఈ ప్రశ్నావళిలో 23 వాక్యాలున్నాయి. ఒక్కొక్కదానితో ఎంతవరకు ఏకీభవిస్తారో చెబితే మార్కులు వేస్తారు. కుక్కనో పిల్లినో ఇంట్లో పెంచుకునే నగరవాసిని అర్థం చేసుకోవడానికి అది పనికివస్తుంది. ఆ సాధనాన్ని తెలుగు సాహిత్య విద్యార్థి చేతికి యథాతథంగా ఇస్తే ఏమవుతుందన్నదే నా ప్రశ్న.

డా. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలోని ముసలివాణ్ణి తీసుకుందాం. అతడు పందులు కాసేవాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఇంటికి రాకపోతే దానికోసం రాత్రివేళ ఒంటరిగా అడవిలోకి వెళతాడు. ఆ పంది అతనికి జీవనాధారం. అమ్ముడుపోయే సరుకు కూడా. దాని అడుగుజాడలు, ఆకలి, భయం, ఈత నొప్పులు అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు. పిల్లల్ని పెట్టిన పంది మాత్రం సాకినవాణ్ణి కూడా శత్రువుగానే చూస్తుంది. దాన్ని కాపాడటానికి తెచ్చిన బల్లేన్నే దానిమీద ఎత్తవలసిన స్థితి వస్తుంది. ఆ ముసలివానికి మాపనిలో ఎన్ని మార్కులు పడతాయి? బహుశా చాలా తక్కువ. తప్పు ముసలివానిది కాదు. ప్రేమ, శ్రమ, అమ్మకం, వధ ఒకే చేతిలో ఉండే సంబంధాన్ని ఊహించకుండా తయారైన సాధనం అది.

ఆ ఊహ తెలుగు మాటలోనే ఉంది. గొర్రెలను, మేకలను మన పల్లెల్లో ‘జీవాలు’ అంటారు; పశువులను కొన్ని ప్రాంతాల్లో ‘సొమ్ములు’ అంటారు. ప్రాణం ఒక మాట, ఆస్తి మరొక మాట. రెండూ ఒకే మందకు చెల్లుతాయి. (కనుమనాడు పశువులకు పూజ చేసి, అదే రోజు మాంసం వండుకునే ఇళ్లకు ఇందులో వైరుధ్యం కనిపించదు.) మన విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధన మాత్రం ఈ సంపదను వదిలేసి ‘జంతుపాత్రల చిత్రణ’ అనే అధ్యాయంతో సరిపెట్టుకుంటుంది. ఆవు సాధుత్వానికి, నక్క జిత్తులకు, పులి క్రౌర్యానికి ప్రతీకలని పట్టిక వేయడం జంతువును చూడటం కాదు, చూడకుండా దాటిపోవడం.

జాషువ ‘గబ్బిలం’ విషయంలో ఈ అలవాటు ఎక్కువ నష్టం చేసింది. 1941లో వెలువడిన ఆ కావ్యంలోని గబ్బిలాన్ని మేఘసందేశంలోని మేఘానికి బదులుగానో, దళితునికి ప్రతీకగానో చెప్పి విమర్శ తృప్తిపడింది. ఆ మాటలు తప్పు కావు, అసంపూర్ణం. గబ్బిలం నిజంగానే పాత గుడుల చీకట్లో వేలాడే ప్రాణి. అశుభమని ఇళ్లలోంచి తరిమే ఆ ప్రాణికి గర్భగుడి అందుబాటులో ఉంది, మనిషికి లేదు. కావ్యంలోని ఆగ్రహం ఆ భౌతిక వాస్తవం మీద నిలబడింది. గబ్బిలాన్ని ఉత్త ప్రతీకగా మారిస్తే ఆ వాస్తవమే పలచబడుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణను తేలికగా తీసుకోలేం. మనిషిని, జంతువును ఒకే వరుసలో నిలిపే సిద్ధాంతం, తరతరాలుగా పశువులకన్నా హీనంగా చూడబడిన కులాలవారికి ఎలా వినిపిస్తుంది? చచ్చిన గొడ్డును మోయడం, చర్మం ఒలవడం ఎవరి వంతు అయిందో అడగని జంతుప్రేమ వారిని మరోసారి బయటే నిలబెడుతుంది. కంచ ఐలయ్య ‘బఫెలో నేషనలిజం’ (2004) గేదెను ముందుకు తెచ్చి ఆవు చుట్టూ అల్లుకున్న రాజకీయాన్ని ప్రశ్నించింది. దాని వాదనలన్నిటితో నేను ఏకీభవించను. కానీ ఏ జంతువుకు పవిత్రత దక్కింది, ఏ జంతువుకు చాకిరి మిగిలింది అన్న ప్రశ్నను తప్పించుకునే పరిశోధన తెలుగు నేలమీద నిలవదని మాత్రం ఒప్పుకుంటాను.

కాబట్టి ఇలాంటి పురస్కారం తెలుగులో ఏర్పడితే, న్యాయనిర్ణేతలు సిద్ధాంతకర్తల పేర్లు ఎన్ని ఉటంకించారని లెక్కపెట్టకూడదు. రచనలో జంతువు ఏం చేస్తోంది, ఎవరి శ్రమతో బతుకుతోంది, ఎవరి ఆకలి తీరుస్తోంది అన్నవి విద్యార్థి గమనించాడా అని చూడాలి. గొర్రెల కాపరి తన మందలోని ఒక్కో జీవాన్ని రంగును బట్టి, చెవులను బట్టి, నడకను బట్టి ఏ పేరుతో పిలుస్తాడో నమోదు చేసుకొచ్చిన విద్యార్థికి మొదటి బహుమతి ఇవ్వడానికి నాకు సంకోచం లేదు. ఆ వ్యాసంలో సిద్ధాంత భాగం బలహీనంగా ఉన్నా సరే.