వయొలిన్ చేతికి వయోలా

పదేళ్ళు వయొలిన్ మీద సాధన చేసిన చెయ్యి కూడా, దానికన్నా పెద్దదైన వయోలా పట్టుకోగానే తడబడుతుంది. అలవాటైన దూరంలో వేలు పెడితే స్వరం తగ్గి పలుకుతుంది. అలవాటైన వేగంతో కమాను లాగితే తంత్రి బద్ధకంగా లేస్తుంది. ఇదేదో మొద్దు వాద్యమని అక్కడే వదిలేసేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు బాలమురళి గారి వయోలా వినలేదన్నమాట!

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో శంకరగుప్తంలో పుట్టారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు. అంత గాత్రం ఉన్న మనిషి వయొలిన్, మృదంగం, కంజీర కూడా వాయించి, వయోలాను కర్ణాటక కచేరీ వేదిక ఎక్కించారు. ఆయన కమాను కింద మంద్రస్థాయి ఎంత నిండుగా పలికేదో! పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే కమాను తిరిగేది. సాహిత్యం తెలిసిన చెయ్యి తప్ప మరేదీ ఆ పని చెయ్యలేదు.

వయొలిన్ మన సంగీతంలోకి బాలస్వామి దీక్షితుల కాలంలో వచ్చిందంటారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని తెలుగువాళ్ళ ఇంటి వాద్యం చేశారు. వయోలాకు అలాంటి అదృష్టం ఇంకా పట్టలేదు.

నిజానికి అది మన శ్రుతికి పుట్టినట్టే ఉంటుంది. పాశ్చాత్య పద్ధతిలో దాని తంత్రులు కింది నుంచి సి, జి, డి, ఎ. మగగొంతు ఒకటో శ్రుతికి స-ప-స-ప అని కట్టాలంటే కింది రెండూ కదపనక్కర్లేదు, పై రెండింటినీ ఒక్కో స్వరం దించితే చాలు. వయొలిన్‌ను అంత కిందికి దించి చూడండి, తంత్రులు వదులై ప్రాణం పోతుంది. పైగా పాశ్చాత్య వాదకులు వయోలా కోసం కొత్త క్లెఫ్ (స్వరలిపి గుర్తు) చదవడం నేర్చుకోవాలి, మనం స్వరాలతోనే వాయిస్తాం కాబట్టి ఆ బాధ లేదు. వాళ్ళు భుజం మీద బరువు మోస్తారు, మనం మఠం వేసుకుని కూర్చుని వాద్యం తలను కుడి మడమ దగ్గర ఆనిస్తాం.

కష్టమంతా గమకంలో ఉంది. స్వరాల మధ్య దూరం పెరిగింది కాబట్టి కంపితానికి వేలు ఇంకా ఎక్కువ ప్రయాణించాలి, వేలితోపాటు మణికట్టూ కదలాలి. తోడి గాంధారం వయొలిన్ మీద వచ్చినట్టు వస్తుందనుకోకూడదు. మొదటి నెలల్లో సరళీ స్వరాలు, వర్ణాలు ఒకటో కాలంలోనే వాయించాలి. కమాను నిదానంగా, బరువుగా, పొడుగ్గా సాగాలి. వేగమైన సంగతులు తరవాత. విలియం ప్రిమ్‌రోజ్ అంతటివాడు వయొలిన్ వదిలి వయోలాకు వచ్చాడు, ఆయన అడిగితేనే స్వరకర్త బార్టోక్ తన చివరి రోజుల్లో వయోలా కన్చెర్టో మొదలుపెట్టాడు. చేతికి వచ్చిన విద్య ఎక్కడికీ పోదు, ఓపిక కావాలంతే.

నాకు ఒళ్ళు మండేది నకిలీ చూసినప్పుడు. మామూలు వయొలిన్‌కు వయోలా తంత్రులు బిగించి వయోలా అని అమ్ముతున్నారు! పెట్టె చిన్నది, తంత్రి పొడవు చాలదు, మంద్ర షడ్జం ముక్కుతో మాట్లాడినట్టు పలుకుతుంది. దాని మీద నేర్చుకున్న పిల్లవాడు వయోలా అంటే ఇంతేననుకుంటాడు. ఇక కీబోర్డు మీద ఒక మీట నొక్కి తంత్రీవాద్యాలన్నీ వచ్చేశాయనుకునే రికార్డింగుల గురించి ఏం చెప్పను? వేలు జారిన చప్పుడు లేదు, కమాను ఒరిపిడి లేదు. అది వాదనమా?

మా సిద్దిపేటలో వయొలిన్ పట్టిన పిల్లలున్నారు, వాళ్ళను సాయంత్రాలు కూర్చోబెట్టుకుని నేర్పే గురువులూ ఉన్నారు. అయ్యా, మీ శిష్యుల్లో వర్ణాలు దాటి కీర్తనల్లో నిలదొక్కుకున్న ఒక్కరి చేతికి అసలైన వయోలా ఇవ్వండి. కొనే స్తోమత లేకపోతే నలుగురు కలిసి కొనండి, సంగీత కళాశాలలను అడగండి, సభలవాళ్ళను అడగండి. మగగొంతు కచేరీకి ఒక్కసారి వయోలాను పక్కవాద్యంగా కూర్చోబెట్టమని నిర్వాహకుల దగ్గర పట్టుబట్టండి. వచ్చే త్యాగరాజ ఆరాధనకే మొదలుపెట్టవచ్చు.