కొత్త బ్యాక్టీరియాకు పేరు ఎలా వస్తుంది?

తీరానికి కొట్టుకొచ్చిన డాల్ఫిన్ దేహంలో దొరికే బ్యాక్టీరియాలన్నీ దానివే కావు. కొన్ని సముద్రపు నీటివి, కొన్ని చనిపోయాక చేరి కుళ్ళబెట్టేవి. అందుకే పశువైద్యులు వీలైనంత త్వరగా లోపలి అవయవాల నుంచి నమూనా తీస్తారు. ప్రయోగశాలలో దాన్ని పెంచి, ఒక్కో రకాన్నీ విడదీస్తారు.

తర్వాత వంశం తేల్చాలి. సుమారు 1,500 అక్షరాలుండే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును తెలిసిన జాతులతో పోలుస్తారు. పోలిక 98.7 శాతం లోపు ఉంటే కొత్త జాతి కావచ్చు. అంతకు మించితే మొత్తం జన్యుపటాన్ని పోల్చాలి. అక్కడ సగటు పోలిక 95-96 శాతం కంటే తగ్గితే జాతి వేరని లెక్క. కణం ఆకారం, కొవ్వు ఆమ్లాలు, ఉప్పును తట్టుకునే శక్తి కూడా నమోదు చేస్తారు.

అయితే అంకెలే అన్నీ తేల్చవు. 1994లో స్కాట్లండ్ తీరపు సీళ్ళలో, డాల్ఫిన్లలో బ్రూసెల్లా బ్యాక్టీరియా బయటపడింది. జన్యుపటాన్ని బట్టి చూస్తే, పశువుల్లో ఈసుకుపోయే జబ్బు తెచ్చే బ్రూసెల్లాతో సహా ఈ ప్రజాతి మొత్తం ఒకే జాతి అనిపించేంత దగ్గర. ఏ జంతువులో ఎక్కువగా ఉంటుందో, కణాల తీరు ఎలా ఉంటుందో కూడా చూశాకే, 2007లో తిమింగలాలు, డాల్ఫిన్లలోని దానికి బ్రూసెల్లా సెటి, సీళ్ళలోని దానికి బ్రూసెల్లా పిన్నిపీడియాలిస్ అని పేర్లు పెట్టారు. పదమూడేళ్ళ ఆ ఓపికే ఈ శాస్త్రానికి బలం.

పేరు చెల్లాలంటే సజీవ నమూనాను కనీసం రెండు దేశాల భాండాగారాల్లో ఉంచి, వివరాలను ప్రచురించాలి. విశాఖ తీరంలో దొరికిన రోడోవులం విశాఖపట్నమెన్సే 2007లో ఇలాగే శాస్త్రలోకంలో చేరింది. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి సంగతిని నిర్దేశిత భాండాగారానికి తెలిపి, నమూనాను అక్కడ జమచేయాలి.

ఇంత పనికీ మొదలు ఒడ్డునే. ఏ జంతువు, ఏ తీరం, ఏ రోజు అన్న వివరాలు లేని నమూనాతో జాతిని నమ్మకంగా తేల్చలేరు. ఎక్కడైనా డాల్ఫిన్ గానీ తిమింగలం గానీ ఒడ్డుకు చేరితే చేతులతో తాకకండి; బ్రూసెల్లా మనుషులకూ సోకగలదు. వెంటనే అటవీశాఖకు చెప్పండి.