ముద్రను నమ్మిన సుల్తాను: చిత్రములను గుర్తించు యంత్రముల రక్షణోపాయములు - ఒక విమర్శ

బొమ్మను చూచి అది యేమో చెప్పగల కంప్యూటరు యంత్రములు నేడు మన నిత్యజీవితమున ప్రవేశించినవి. పైరు ఆకుపై మచ్చను చూచి తెగులు పేరు చెప్పుట, కంటిలోపలి ఛాయాచిత్రమును చూచి మధుమేహము చేసిన హానిని కనిపెట్టుట, ముఖమును చూచి మనిషిని పోల్చుట వీని పనులు. 2020 జనవరిలో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘము, హైదరాబాదు చెంతనున్న కొంపల్లి పురపాలక సంఘ ఎన్నికలలో పది పోలింగు కేంద్రములందు ఓటర్ల ముఖములను పోల్చుటకు ఇట్టి యంత్రమును ప్రయోగాత్మకముగా వాడెను. పోలిక తప్పినచో నష్టపోవువాడు మానవుడు. కావున ఈ యంత్రములను మోసగింపవచ్చునా, మోసమునుండి వానిని కాపాడుటకు చెప్పబడుచున్న ఉపాయములు ఎంతవరకు నమ్మదగినవి అను ప్రశ్న శాస్త్రజ్ఞులకు మాత్రమే చెందినది కాదు. ఆ ఉపాయములను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

2013లో క్రిస్టియన్ సెగెడీయు, ఆయన సహచరులును ఒక వింతను ప్రకటించిరి. బొమ్మలోని పిక్సెళ్ల విలువలను కంటికి తెలియనంత స్వల్పముగా, లెక్క ప్రకారము మార్చినచో యంత్రము ఒక వస్తువును మరియొక వస్తువని చెప్పును. మరుసటి యేడు ఇయన్ గుడ్‌ఫెలో మున్నగువారు చూపిన ఉదాహరణము ప్రసిద్ధము. యంత్రము 57.7 శాతము నమ్మకముతో పాండా అని గుర్తించిన బొమ్మకు వారు అట్టి సన్నని మార్పును చేర్పగా, అదే యంత్రము 99.3 శాతము నమ్మకముతో దానిని గిబ్బన్ అను వానరమని చెప్పెను. ఇది కంప్యూటరు తెరకు పరిమితమైన వింత కాదు. 2016లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రంగులద్దిన కళ్లజోడు చట్రమును ధరించి, ముఖములను గుర్తించు యంత్రమును మోసగించిరి.

ఇట్టి మోసము బీదరు చరిత్ర ఎరిగినవారికి కొత్త కాదు. 1472లో ఈ నగరమున మదరసాను కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాను కథ అందరెరిగినదే. ఆయనపై పగబట్టిన సర్దారులు, ఆయన ముద్రను భద్రపరచు సేవకుని వంచించి ఖాళీ కాగితముపై ముద్ర వేయించిరి. దానిపై, ఒడిస్సా గజపతిని దండెత్తి రమ్మని పిలుచు లేఖను వ్రాయించిరి. కొండపల్లి శిబిరమున మద్యపు మత్తులోనున్న మూడవ మహమ్మద్ షా ఆ ముద్రను గుర్తుపట్టెను. ముద్ర తనదే కాని లేఖ తనది కాదని మంత్రి విన్నవించెను. సుల్తాను విచారింపలేదు. 1481 ఏప్రిల్ 5న మంత్రి శిరస్సు తెగెను. మరుసటి సంవత్సరమే సుల్తానును మరణించెను. అటుపిమ్మట బహమనీ రాజ్యము క్రమముగా ముక్కలాయెను.

ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. ఆ ముద్ర దొంగముద్ర కాదు. అనేక సంవత్సరములు నిజము చెప్పిన ముద్రయే అది. కావుననే సుల్తాను దానిని నమ్మెను. యంత్రముల సంగతియు ఇట్టిదేయని 2019లో ఆండ్రూ ఇల్యాస్ మున్నగువారు వాదించిరి. వారి మతమున యంత్రము పిచ్చి గుర్తులను పట్టుకొనుట లేదు. మనిషి కంటికి ఆననివియు, లక్షల బొమ్మలయందు నిజముగనే సరియైన సమాధానము నిచ్చునవియు అగు గుర్తులను అది నేర్చుకొనుచున్నది. అయితే ఆ గుర్తులు పెళుసైనవి. వస్తువును విడిచి గుర్తును మాత్రమే వేరొక బొమ్మకు అతికింపవచ్చును. గవాను ముద్రను పొందుటకు సేవకుని వంచింపవలసి వచ్చెను. యంత్రపు గుర్తులనైతే గణితముచేతనే వెలికి తీయవచ్చును. భేద మంతమాత్రమే.

ఇక రక్షణోపాయములు. వీనిలో పెక్కు దాచుటపై ఆధారపడినవి. ఏ పిక్సెలును ఎటు జరిపినచో యంత్రపు తప్పు పెరుగునో తెలుపు లెక్కకు గ్రేడియెంటు అని పేరు. శత్రువునకు అదియే దారి. ఆ దారి కనబడకుండ చేసినచో యంత్రము సురక్షితమని పలువురు తలచిరి. నికొలా పాపర్నో బృందము ప్రతిపాదించిన ‘డిస్టిలేషన్’ పద్ధతి 2016లో గొప్ప ఆశను కల్పించెను. 2017లో కార్లీనీ, వాగ్నరులు దానిని భేదించిరి. 2018లో వీరిరువురు అథాల్యేతో కలిసి, ఒక ప్రసిద్ధ సదస్సు ఆ యేడు స్వీకరించిన తొమ్మిది రక్షణలను పరీక్షించిరి. అందు ఏడు గ్రేడియెంటును మరుగుపరచుటపైననే ఆధారపడియుండెను. ఆ యేడింటిలో ఆరు పూర్తిగను, ఒకటి కొంతవరకును కూలిపోయెను. 2020లో ట్రామేర్ మున్నగువారు మరి పదుమూడు రక్షణలను దాటిరి. యంత్రమునకు శిక్షణ నిచ్చిన బొమ్మలను దాచియుంచినను ఫలము లేదు. ఆ బొమ్మలను చూడకయే, పెక్కు చిత్రములపై పనిచేయు ఒకే మార్పును కల్పింపవచ్చునని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థనుండి మోపూరి కొండారెడ్డి, ఉత్సవ్ గర్గ్, ఆర్. వేంకటేశ్ బాబులు 2017లో నిరూపించిరి.

ఈ ఓటములకు కారణము బుద్ధిలోపము కాదు, పరీక్షాలోపము. తన కవచమును తానే నిన్నటి బాణములతో కొట్టి చూచుకొని చాలునని తృప్తిపడుట ఇందలి దోషము. కవచపు అల్లిక తెలిసిన విలుకాడు ఎట్లు కొట్టునో ఆలోచింపలేదు.

నిలిచిన మార్గములు కొలది మాత్రమే. మొదటిది అలెక్సాండర్ మాడ్రీ బృందము 2017లో ప్రకటించినది. శిక్షణ సమయముననే యంత్రమునకు మోసపు బొమ్మలను చూపి, సరియైన పేరు నేర్పుట దాని సారము. సిఫార్-10 అను చిత్రసముదాయముపై వారి యంత్రము మామూలు బొమ్మలను 87 శాతము సరిగా గుర్తించెను. పిక్సెలు విలువను 255లో 8 వరకు మార్చు తీవ్రమైన దాడికి గురియైనప్పుడు అది సుమారు 46 శాతమునకు దిగెను. అంకె చిన్నదే, కాని నిజాయితీ గలది. రెండవది కోహెన్, రోసెన్‌ఫెల్డ్, కోల్టర్లు 2019లో స్థిరపరచినది. బొమ్మకు యాదృచ్ఛికమైన గజిబిజిని పలుమారులు కలిపి, అధికసంఖ్యాక సమాధానమును గైకొనుట దాని పద్ధతి. ఇంత పరిధిలోని మార్పుకు సమాధానము మారదని అది గణితముచే హామీ నిచ్చును. అయితే ఆ పరిధి చిన్నది. కళ్లజోడు చట్రము వంటి మోసమునకు ఆ హామీ వర్తింపదు.

బీదరు కోటను చూడుడు. కొంత మేర మూడు వరుసలుగా రాతిలో తొలిచిన అగడ్త బహిరంగముగా నున్నది. దండెత్తివచ్చు శత్రువు దానిని చూచియే తీరవలెను. చూచినంతమాత్రమున దాని బలము తగ్గదు. రహస్యలిపుల విషయమున ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లో చెప్పిన సూత్రమును ఇదియే: పద్ధతి శత్రువునకు చిక్కినను రక్షణ నిలువవలెను. యంత్రముల రక్షణను ఈ గీటురాతిపైననే గీచి చూడవలెను.

కావున ఇట్టి యంత్రమును ప్రజలపై ప్రయోగింపదలచిన ఏ కార్యాలయమునైనను మనము మూడు ప్రశ్నలు అడుగవలెను. రక్షణపద్ధతిని పూర్తిగా ఎరిగిన పరీక్షకుడు దీనిపై దాడి చేసి చూచెనా? దాడి లేనప్పుడును, ఉన్నప్పుడును దీని గుర్తింపు ఎంత శాతము? యంత్రము కాదన్నవానిని వేరొక ఆధారముతో విచారించు అధికారి యెవడు? మూడవ ప్రశ్నకు సమాధానము లేనిచోట మొదటి రెండింటికి ఎంత చక్కని సమాధానము వచ్చినను చాలదు. కొండపల్లి శిబిరమున లోపించినది మరియొక ముద్ర కాదు. “లేఖ నాది కాదు” అన్న మాటను విని విచారించువాడు లోపించెను.