తలుపు మీది ‘నో గ్రోత్’

ఈ వారం మిత్రుణ్ణి పలకరించడానికి ఒక ఆసుపత్రికి వెళ్తే, ఆపరేషన్ థియేటర్ తలుపుకి లామినేషన్ చేసిన కాగితం కనబడింది: ‘స్వాబ్ కల్చర్: నో గ్రోత్’. అంటే దూదిపుల్లతో తుడిచి తెచ్చిన నమూనాలో సూక్ష్మజీవులేవీ మొలవలేదని. గోడలెక్కిన సర్టిఫికెట్లంటే నాకు మంట.

ఆ కాగితం ఎలా పుడుతుందో నాకు తెలుసు. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో, శనివారం సాయంత్రం థియేటర్ సందులన్నిటికీ ప్లాస్టర్ అంటించి, గిన్నెలో పర్మాంగనేటు మీద ఫార్మలిన్ పోసి ఒక్క పరుగున బయటపడేవారు. ఆదివారమంతా లోపల ఆ ఘాటు. సోమవారం పొద్దున్నే మేం కళ్లు తుడుచుకుంటూ వెళ్లి బల్ల మీదా, దీపం మీదా స్వాబ్ తిప్పి తెచ్చేవాళ్లం. ఇంకేం మొలుస్తుంది? పైగా రిపోర్టు బుధవారానికి గాని వచ్చేది కాదు. ఈలోగా సోమ, మంగళవారాల ఆపరేషన్లు అయిపోయేవి. నాలుగు కేసులయ్యాక, మధ్యాహ్నం పూట రమ్మని మమ్మల్నెవరూ పిలిచిన పాపాన పోలేదు. ఆ ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అయినా దాన్ని వదల్లేని థియేటర్లున్నాయి.

ఇలా అలవాటుగా తీసే స్వాబులు మానుకోమని అమెరికాలో 1970 నాటికే చెప్పారు. అయితే ఇన్ఫెక్షన్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు మూలం వెతకడానికి కల్చర్ కావాలి, డయాలిసిస్ నీటికి ఎప్పుడూ కావాలి.

మరి రోజువారీ శుభ్రత సంగతి? అమెరికాలోని డాక్టర్ ఫిలిప్ కార్లింగ్ బృందం మంచం రెయిలింగుకీ, బాత్రూమ్ తలుపు పిడికీ కంటికి ఆనని జెల్ చుక్క పెట్టి, తుడిచాక అతినీలలోహిత టార్చి వేసి చూసింది. చుక్క మెరిస్తే అక్కడ గుడ్డ పడనట్టే. 36 ఆసుపత్రుల్లో తుడవాల్సిన చోట్లలో గుడ్డ పడింది 48 శాతానికే! 2008లో అచ్చయిన లెక్క ఇది. ప్రతి వార్డుకీ ఆ టార్చి కొనాలని రాద్దామనే కూర్చున్నాను.

రాస్తుంటే అనుమానమొచ్చింది. మన దగ్గర ఆ వెలుగు పడేది కాంట్రాక్టు ఆయమ్మ మీదే. ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వార్డంతా ఆమే తిరగాలి. మెరిసిన ప్రతి చుక్కకీ జీతంలో కోత పడుతుంది. కానీ కార్లింగ్ వాళ్ల 48 తర్వాత 77 శాతమైంది, ఫలితాలు తుడిచేవాళ్లకే చూపించి, పని నేర్పించాక.

సూపరింటెండెంట్లకి నా విన్నపం: టార్చి సంగతి తర్వాత, ముందు మంచానికో గుడ్డ, వార్డుకి ఇంకో మనిషిని ఇవ్వండి. ఆ రెండూ కాంట్రాక్టు కాగితంలోనే రాయించండి.