మీసమే పలుపు

పెరట్లో కట్టెల మోపు దగ్గరో, తూము పక్కనో నెమలికంఠం రంగు పురుగొకటి గోడ వెంట గబగబా పరుగెడుతుంటే చెప్పు తీయకండి. కాళ్ళు చూడండి. నడిమి జత, వెనక జత తొడలు ఎర్రగా ఉంటే అది పచ్చ కందిరీగ, ఆంప్యులెక్స్ కంప్రెస్సా. ఆడది 2 సెంటీమీటర్లకు కాస్త పైన, మగది అంతకన్నా బాగా చిన్నది. వేట ఆడదానిదే. అది వెతికేది బొద్దింకను.

బొద్దింక దానికన్నా పెద్దది. చంపితే కుళ్ళిపోతుంది, కాళ్ళు పూర్తిగా పడిపోయేలా కుడితే గూటిదాకా మోయలేదు. ఈ చిక్కును రెండు పోట్లతో విప్పుతుంది. మొదటిది రొమ్ములో. దాంతో ముందు కాళ్ళు రెండు మూడు నిమిషాలు స్వాధీనం తప్పుతాయి. ఆ కాస్త వ్యవధిలోనే మెడ దగ్గరి పలచని పొరలోంచి ముల్లు తలలోకి దించి, తడిమి తడిమి, నడకకు పురమాయించే తావు చూసుకుని మరీ విషం వదులుతుంది. విషం సరిగ్గా అక్కడికే చేరుతోందని ఇజ్రాయెల్‌లోని బెన్-గురియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు రేడియోధార్మిక గుర్తు పెట్టి 2003లో తేల్చారు.

తర్వాత బొద్దింక అరగంట సేపు ఒళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటుంది. కాళ్ళున్నాయి, సత్తువుంది, పారిపోవాలన్న బుద్ధే పుట్టదు. కందిరీగ దాని మీసాలు సగానికి తుంచి, ఊరిన రసం తాగి, మిగిలిన మొండిని నోట కరుచుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంది. పలుపు పట్టి లాగితే వచ్చే దూడలా బొద్దింక వెంట పోతుంది, తన గోతికి తన కాళ్ళతోనే. ఈ ఒక్క ఘట్టం కోసం నేను ఎంతసేపైనా గొంతుక్కూర్చుంటాను.

గూట్లో కందిరీగ బొద్దింక నడిమి కాలి మొదట్లో ఒకే ఒక్క గుడ్డు అతికిస్తుంది. చిన్న చిన్న రాళ్ళు ఏరి తెచ్చి వాకిలి మూసి, వెళ్ళిపోతుంది. పిల్ల పురుగు కొన్నాళ్ళు పైనుంచి పీల్చి, తర్వాత లోపలికి దూరుతుంది. తిండి చెడకుండా సూక్ష్మజీవులను చంపే ద్రవం కక్కి పూస్తుంది, ఊరగాయకు మనం ఉప్పూ నూనే పట్టించినట్టు. వారాలు గడిచాక ఆ డొల్ల చీల్చుకుని కొత్త కందిరీగ వస్తుంది.

మట్టిగూళ్ళు కట్టే దీని చుట్టాలను చూసే కాబోలు మన పెద్దలు భ్రమరకీటక న్యాయం చెప్పుకున్నారు. లోపలికి పురుగు పోయింది, బయటికి తుమ్మెద వచ్చింది, తుమ్మెదనే తలచి తలచి పురుగు అదే అయిపోయిందన్నారు. కళ్ళు మోసపోలేదు, గూడు విప్పి చూడలేదంతే.

బొద్దింకల పీడ వదులుతుందని 1941లో ఈ పచ్చ కందిరీగను హవాయి దీవులకు పట్టుకెళ్ళారు. వదల్లేదు. ఒక్కో బొద్దింక దగ్గర ఇంతసేపు కూర్చునేదానికి టోకు బేరం ఎక్కడ కుదురుతుంది?